పోలీసు రైఫిలుకు చౌక గుఱియద్దము

పోలీసు గస్తీ రైఫిలుమీద బిగించు ఎఱ్ఱచుక్క గుఱియద్దమును గూర్చి సంపాదకీయపు పుటలో వ్రాయుట కొందఱికి వింతగా దోపవచ్చును. ఆయుధాగారపు అధికారియు టెండరు కమిటీయు చూచుకొనదగిన యీ సంగతితో, పఠనమందిరమున పత్రిక విప్పుకొని కూర్చుండిన పట్టణవాసికి నిమిత్తమేమని వారడుగుదురు. నిమిత్తము గలదని మా యభిప్రాయము. కందుల కాలమున తాండూరు మార్కెట్టు యార్డు ముంగిట బండ్లును లారీలును హమాలీలును ఇసుక వేసిన రాలనట్లు క్రిక్కిఱిసియుండుట మనమందఱ మెఱుగుదుము. రైలు వచ్చువేళ వికారాబాదు జంక్షనులో జనమెట్లుండునో చెప్పనక్కఱలేదు. అట్టిచోట సాయుధుడైన దుండగు డొకడు తలయెత్తి, కానిస్టేబులు రైఫిలును భుజమున కెత్తవలసి వచ్చెనేని, సెకనుకు సుమారు 900 మీటర్ల వేగమున పోవు ఆ గుండు తగులదలచినవానికి తగులునా, వాని వెనుక నిలిచిన టీకొట్టువానికి తగులునా యన్నది మనకు సంబంధింపని ప్రశ్న యెట్లగును?

వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. క్రొత్త జిల్లాలో ఏ శాఖ నడిగినను అక్కఱలు మెండు, సొమ్ము తక్కువ యను జవాబే వినవచ్చును. కావుననే ‘చౌకలో దొరకు గుఱియద్దమేది?’ యన్న ప్రశ్న పుట్టును. ప్రశ్న న్యాయమైనదే. కాని చౌక యన్న మాటను సరిగా విడదీసి చూడనిచో సొమ్మును పోవును, ప్రాణమును పోవును.

ముందుగా ఆ వస్తువేదో తెలియవలెను. మామూలు రైఫిలుకు కంటివైపున నొక చిన్న రంధ్రమో గంటో, గొట్టపు కొనవద్ద నొక ఇనుపమొనయు నుండును. గుఱిచూచువాడు రంధ్రము, మొన, లక్ష్యము అను మూడింటిని ఒక్క గీతలోనికి తేవలెను. మనుష్యుని కన్ను ఏకకాలమున నొక్క దూరముననున్నదానినే స్పష్టముగ చూడగలదు. మొనను చూచిన లక్ష్యము మసకగును. లక్ష్యమును చూచిన మొన మసకగును. నలుబది దాటి చత్వారము వచ్చినవానికి ఆ మొన బొత్తిగా అలికినట్లగును. ఈ వ్యాసము వ్రాయుచు మేమును కండ్లజోడును పైకి క్రిందికి త్రోయుచునే యున్నారము. గస్తీలు తిరుగు హెడ్డు కానిస్టేబుళ్లలో ఆ వయస్సువారు తక్కువవారు కారు.

ఎఱ్ఱచుక్క గుఱియద్దము ఈ చిక్కును తీర్చును. చిన్న గొట్టములోపల ఒక మూలను, ఆవగింజకంటె చిన్నదగు ఎఱ్ఱదీపము వెలుగును. ముందరి అద్దమునకు కొంచెము వంపుండి, ఎఱ్ఱకాంతిని మాత్రము వెనుకకు మరలించి తక్కిన వెలుగును పోనిచ్చు పూత యుండును. దీపపు కిరణములు దానిపై బడి సమాంతరములై కంటికి వచ్చుటచే, చుక్క గాజుమీద గాక దూరమున లక్ష్యముమీదనే నిలిచినట్లు కనబడును. కావున చుక్కయు మనిషియు నొక్కసారియే స్పష్టముగ గోచరింతురు; తల కొంచెమటునిటు జరిగినను గుఱి పెద్దగా చెడదు; రెండుకన్నులను తెఱచియే చూడవచ్చును. ఈ చుక్క బయటికి పోదు, ఎదుటివాని రొమ్ముపై పడదు. సినిమాలలో చూపు లేజరు వేఱు, ఇది వేఱు.

ఉపాయము క్రొత్తది గాదు. 1900లో డబ్లిన్ నగరమున దూరదర్శినులు నిర్మించు సర్ హోవర్డ్ గ్రబ్ దీనికి పేటెంటు పొందెను. హైదరాబాదులో నవాబు జాఫర్ జంగు నెలకొల్పిన నిజామియా వేధశాలకు ఆయువుపట్టై నిలిచిన 15 అంగుళముల దూరదర్శినియు గ్రబ్‌వారిదే. నక్షత్రములను చూచుటకై మన పెద్దలు తెప్పించుకొన్న అద్దమును, నేడు రైఫిలుమీద బిగింపదలచిన అద్దమును ఒక్క కర్మశాల బుద్ధినుండి వచ్చినవని తెలిసినప్పుడు మాకు కొంత యాశ్చర్యమే కలిగెను. విద్యుద్దీపముతో పనిచేయు నేటి రూపమును స్వీడను దేశపు ఏయిమ్‌పాయింట్ సంస్థ 1975లో విపణిలోనికి తెచ్చెను. అమెరికా సైన్యము 1997లో దానిని తన రైఫిళ్లకు స్వీకరించెను. ఆ దేశపు పోలీసు గస్తీబండ్లలో అది నేడు సామాన్య వస్తువు.

ఇక్కడ మా మిత్రులు కొందఱు ఒక యాక్షేపణ తెత్తురు. దానిని త్రోసిపుచ్చి ముందుకు పోవుట మాకిష్టము గాదు. పోలీసువాని తుపాకికి మఱింత చూపు నిచ్చుట యెందుకు? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగులో విద్యుచ్ఛార్జీల పెంపు కూడదని వచ్చిన ప్రజలపై కాల్పులు జరిగినవి. 2007 జులై 28న ఖమ్మము జిల్లా ముదిగొండలో భూమి కొఱకు జరిగిన ఆందోళనపై కాల్పులలో ఏడుగురు నేలకొఱగిరి. అట్టి చేతులలో మేలైన గుఱి పెట్టుట పాముకు పాలు పోయుట గాదా యని వారి ప్రశ్న.

ఈ బాధను మేము చిన్నచూపు చూడము. కాని ఆ రెండుచోట్లను కొఱతపడినది గుఱి గాదు, వివేకము. జనసమూహముమీద రైఫిలు నెక్కుపెట్టుటే తప్పు. ఆ తప్పును గుఱియద్దము పెంచదు, తగ్గించదు. మన జిల్లాలోనే దుద్యాల మండలము లగచర్లలో 2024 నవంబరు 11న భూసేకరణ విషయమై వెళ్లిన కలెక్టరుమీదను అధికారులమీదను దాడి జరిగెను. నాడు తుపాకి మ్రోగలేదు. ఆ తరువాతి యరెస్టులను గూర్చి ఎవరి వాదము వారికున్నను, తుపాకి మ్రోగకపోవుటయే మేలైనదని అన్ని పక్షములవారును ఒప్పుకొనక తప్పదు. అక్కడ కావలసినవి ఓర్పు, మాట, డాలు. రైఫిలుకు పనియుండు ఘట్టము వేఱు.

అది యెట్టిదో సూర్యాపేట చెప్పును. 2015 ఏప్రిలు 1వ తేది అర్ధరాత్రివేళ బస్‌స్టాండులో బస్సులు తనిఖీ చేయుచున్న పోలీసులపై ఇరువురు సాయుధులు కాల్పులు జరిపి ఒక కానిస్టేబులును ఒక హోంగార్డును పొట్టనబెట్టుకొనిరి. మూడునాళ్లకు జానకీపురము వద్ద వారిని వెన్నాడిన పోలీసులలో మఱి యొక కానిస్టేబులు మడిసెను. గాయపడిన సబ్‌ఇన్‌స్పెక్టరు ఆసుపత్రిలో కన్నుమూసెను. వీరు గ్రేహౌండ్సువంటి యెన్నికైన దళములవారు గారు; ఏ ఊరనైన మన వీధిమలుపున కనబడు మామూలు పోలీసులు. తాండూరు రైల్వేస్టేషను, కర్ణాటక హద్దున నున్న చెక్‌పోస్టులు, అర్ధరాత్రి బస్‌స్టాండులు – ఇవి సూర్యాపేట బస్‌స్టాండుకంటె ఏమంత భిన్నములు? అట్టి ఘడియలో కానిస్టేబులునకు రెండుకన్నులు తెఱచి యెదుటివానిని, వాని ప్రక్కనున్న ప్రయాణికులను గూడ చూచుచు గుఱిపెట్టగల సాధన ముండుట వానికంటె ఆ ప్రయాణికులకే ఎక్కువ మేలు. ఒంటికన్ను మూసి ఇనుపమొనకై వెదకువానికి ప్రక్కనున్న బిడ్డ కనబడదు.

పోలీసుల ఆయుధములను గూర్చిన పిసినారితనము మనకు వారసత్వముగ వచ్చినది. తెల్లదొరలు ఇషాపూరు కర్మాగారమున 303 రైఫిలును తీసుకొని, దాని గొట్టములోని మెలిగాళ్లను తొలగించి నున్నన చేసి, ఒక్కొక్క తూటా మాత్రమే పట్టునట్లు మార్చి, 410 మస్కెటు అను పేర పోలీసులకును జెయిలు కావలివారికిని పంచిరి. కారణము పొదుపు గాదు. దేశీయుని చేతిలో మంచి రైఫిలుండరాదు. అది దొంగిలింపబడినను సైన్యపు తూటా దానికి పట్టరాదు. అది అవిశ్వాసమునుండి పుట్టిన ఆయుధము. దొరలు పోయిరి. 303 మాత్రము దశాబ్దములు నిలిచెను. 2008 నవంబరులో బొంబాయి ఛత్రపతి శివాజీ టర్మినసులో ఏ.కె. తుపాకులకు ఎదురుగ నిలిచిన రైల్వే పోలీసుల చేత నున్నది అదియే. ఉత్తరప్రదేశ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పినది 2020 జనవరి 26 పెరేడుననే. నాడు అవిశ్వాసముచే తక్కువరకము నిచ్చిరి. నేడు మనవారు టెండరు చౌకచే తక్కువరకము నిచ్చినచో కానిస్టేబులునకు తేడా యేమి?

ఇక కొనుగోలు సంగతి. అంగడిలో ఈ వస్తువు మూడంతస్తుల ధరలలో దొరకును. అట్టడుగున నున్నవి ఆటతుపాకులకై చేయబడిన నకళ్లు. పేరుమోసిన కంపెనీల ముద్రలు సయితము వాటిపై చెక్కియుండును. చూపునకు అచ్చముగ అట్లేయుండును. కాని నిజమైన రైఫిలు తన్నుకు అవి తాళవు. పది తూటాలు పేలునప్పటికి చుక్క జరుగును, కొన్నిటిలో ఆరిపోవును. జరిగిన చుక్క ఆరిన చుక్కకంటె ప్రమాదకరము. ఆరినది తెలియును, జరిగినది తెలియదు. లెక్క చూడుడు. డిగ్రీలో 60వ భాగమును మినిటందురు. ఒక మినిటు తేడా 100 మీటర్ల దూరమున రమారమి 3 సెంటీమీటర్లు. చుక్క 10 మినిట్లు జరిగెనేని 50 మీటర్లలోనే గుండు దాదాపు 15 సెంటీమీటర్లు తప్పును. జానెడు దూరములో సగముకంటె నెక్కువ. మనిషి భుజమునకు, ప్రక్కమనిషి చెవికి నడుమ నంతయెడము బజారులో నుండదు. ఇట్టి సరకు ఉచితముగ నిచ్చినను పుచ్చుకొనరాదు. దానికంటె ఇనుపమొనయే మేలు.

పైయంతస్తున ఏయిమ్‌పాయింట్ వంటివి. గస్తీ రైఫిలుకని ఆ సంస్థ చేసిన రకమునకు అమెరికా అంగడిలో సుమారు ఐదువందల డాలర్లు; అనగా మన లెక్కకు దిగుమతి ఖర్చులు లేకయే నలుబదివేల రూపాయలకు పైబడును. చిన్న బ్యాటరీ ఒక్కదానితో 30,000 గంటలు, అనగా మూడేండ్లకు మించి, ఆర్పకయే వెలుగునని వారి వాగ్దానము. నడిమి యంతస్తున నున్నవి దానిలో సగమునకును మూడవవంతునకును వచ్చును. పనికివచ్చునవి యందు గలవు. అయితే అమెరికా పేర్లతో చెలామణియగు ఈ తరగతి సరకులో పెక్కు చీనాదేశమున తయారగునవే. మనతో భూమిహద్దు గల దేశముల విక్రేతలు ముందుగ రిజిస్ట్రేషను పొందనిదే ప్రభుత్వపు టెండరులో పాల్గొనరాదని కేంద్రప్రభుత్వము 2020 జులై 23న సాధారణ ఆర్థిక నియమములలో చేర్చి, రాజ్యాంగము 257వ అధికరణమును పురస్కరించుకొని రాష్ట్రములకును ఆదేశమిచ్చెను. కావున ఇంటర్నెట్టులో ధర చూచి ‘ఇంత చౌకగా దొరకుచుండగా’ యని వాదించువారు పెట్టెవెనుక ముద్రించిన దేశము పేరును గూడ చదువవలెను.

స్వదేశీ మాట యెత్తకుండ ఈ పుట ముగియునా? దృశ్యసాధనముల విద్య తెలుగువారికి పరాయిది గాదు. బందరులో 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చి, నేటికిని సైన్యమునకు రాత్రిచూపు సాధనములను తయారుచేయుచున్నది. ప్రభుత్వపు దృశ్యసాధన కర్మాగారము దెహరాదూనులో గలదు. ప్రైవేటు సంస్థలును ఈ రంగమున దిగినవి. దేశీయ వస్తువు పరీక్షకు నిలిచిన చోట కొంత ధర హెచ్చైనను దానినే కొనవలెనని మా మతము. మరమ్మతుకు బందరు దగ్గఱ, మాల్మో దూరము. కాని దేశీయమను పేర పరీక్షనుండి మినహాయింపు అడుగువానిని గుమ్మము దాటనీయరాదు. ఖాదీని ప్రేమించినవాడే దాని నూలు సన్నమో మోటో పట్టిచూచును.

మన ప్రాంతమునకు తగినదేది? తాండూరున నివసించినవానికి జవాబు కొంతవఱకు ముక్కులోనే యున్నది. నాపరాతి కోత, పాలిషు పనులవలన లేచు సన్నని తెల్లదుమ్ము, సిమెంటు లారీల వెనుక లేచు ధూళి – ఇవి యింటి అలమరలోని పుస్తకములనే విడువవు. ఎఱ్ఱచుక్క అద్దములలో రెండు పోకడలు గలవు. ఒకటి తెఱపి, దీపమొకచోట, అద్దమొకచోట, నడుమ గాలి. ఇది తేలిక, చౌక. కాని దీపపు కంటిలో రవ్వంత దుమ్ముగాని వానచినుకుగాని పడినచో చుక్క మాయమగును. రెండవది గొట్టమువలె ఇరుప్రక్కల మూసినది. లోన పొడిగాలి నింపి బిగించినది. దీనికి దుమ్మంటినను పైగాజును తుడిచిన చాలును. అనంతగిరి వానలకును తాండూరు దుమ్మునకును ఈ మూసినదే తగును. తెఱపిది వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చినను మనకొద్దు.

బ్యాటరీ మఱియొక సంగతి. సామాన్యమైన సన్న బ్యాటరీ గాని, గడియారపు దుకాణములో దొరకు 2032 బిళ్ల గాని వాడు రకమునే ఎన్నవలెను. హైదరాబాదునుండియో విదేశమునుండియో తెప్పింపవలసిన బ్యాటరీ, అది చచ్చిననాడు రైఫిలును గ్రుడ్డిది చేయును. బ్యాటరీ చచ్చువఱకు ఆగుటయు తగదు. ఏటేట విజయదశమికి పోలీసు ఆయుధాగారములలో ఆయుధపూజ జరుగును. నాడే పాతది చచ్చినను చావకున్నను క్రొత్తది వేసి, తేదీ వ్రాసిన చీటి అంటించుట వాడుక చేసినచో మఱపునకు తావుండదు. మే నెలలో తలుపులు మూసిన జీపులోపలి వేడికి చవుక దీపములు వాడిపోవునన్న సంగతియు మఱవరాదు.

అద్దము కొనుటతో తీరదు. దానిని రైఫిలుకు బిగించు పట్టా యేదీ? క్రొత్త తుపాకులకు గాట్లు గల ప్రమాణబద్ధమైన పట్టా పుట్టుకతోనే వచ్చును. కాన్పూరు చిన్న ఆయుధముల కర్మాగారపు సంయుక్త రక్షణ కార్బైనుకు అదున్నది. కాని పోలీసులవద్ద పెక్కుగా నున్న పాత ఇన్సాసునకును ఏ.కె.కును పైనున్నది రేకుమూత. శుభ్రపఱచుటకై నిత్యము ఊడదీసి పెట్టునది. దానిమీద పట్టా అతికించి అద్దము బిగించినచో మూత కదిలినప్పుడెల్ల చుక్కయు కదలును. నలుబదివేల అద్దమును రేకుమూతమీద పెట్టుట పూరిపాకకు టేకుతలుపు పెట్టుటవంటిది. ఏ తుపాకికి గట్టి శరీరభాగమున బిగించు సాధన మున్నదో దానికే అద్దము కొనవలెను. బిగింపు ఖర్చును ధరలోనే చేర్చి టెండరు పిలువవలెను. లేనిచో అద్దమొకరివద్ద, పట్టా యింకొకరివద్ద కొని, తుదకు రెండును పొసగక బీరువాలో నుంచుట జరుగును.

కడపట దొరకు చౌక యెక్కువ భయంకరము. అది తూటాల చౌక. అద్దము కొన్న యేడు అభ్యాసపు తూటాలకు సొమ్ము లేదనుట ఎన్ని శాఖలలో వినలేదు! పావలా కోడికి ముప్పావలా మసాలా యని లెక్కలగుమాస్తా నవ్వవచ్చును. ఇక్కడ మసాలాయే కూర. అద్దమును రైఫిలుకు బిగించిన పిదప తూటాలు పేల్చి చుక్కను గుండు తగులు చోటికి త్రిప్పి నిలుపవలెను. పోలీసువారు దీనిని జీరోయింగందురు. ఇది చేయని అద్దము గోడగడియారమునకు ముండ్లు ఇష్టము వచ్చినచోట పెట్టినట్లు. అదియును గాక, చుక్క గొట్టముకంటె రమారమి రెండున్నర అంగుళముల యెత్తున నుండును. 50 గజములకు సరిచేసిన రైఫిలు పదిగజముల దూరమున చుక్కకు రెండంగుళములు క్రిందుగ తగులును. ఈ సంగతి పుస్తకమున చదివి తెలియవలసినది గాదు, చేయి తెలిసికొనవలెను. కొందఱికి కంటిపొర వంపు సమముగ లేని దోషముండి చుక్క తోకచుక్కవలె కనబడును. వారికి కండ్లజోడైనను ఇప్పింపవలెను, ఇనుపమొననైనను ఉంచవలెను. పరీక్షింపనిదే యిది తెలియదు. మా లెక్కలో, పది రైఫిళ్లకు అద్దములు కొను సొమ్మున్నచో ఐదింటికే కొని మిగిలిన సొమ్మును తూటాలకు వెచ్చించుట ఉత్తమము.

న్యాయవాద వృత్తిలో నున్నవారమగుటచే ఇంకొక మాట చెప్పక తప్పదు. 2014 సెప్టెంబరు 23న పి.యు.సి.ఎల్. వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వము కేసున సుప్రీముకోర్టు, పోలీసు కాల్పులలో మరణము సంభవించినప్పుడు పాటింపవలసిన పదునాఱు సూత్రములను నిర్ణయించెను. కాల్చిన అధికారి తన ఆయుధమును శాస్త్రీయ పరీక్షకై అప్పగింపవలెనన్నది వాటిలో నొకటి. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను, మరణశిక్షకు గాని యావజ్జీవశిక్షకు గాని పాత్రమగు నేరము మోపబడనివానిని అరెస్టు పేర చంపు హక్కు ఎవరికిని లేదని పాత చట్టపు మాటనే నిలిపినది. రేపు కోర్టులో ఆ రైఫిలు బల్లమీదికి వచ్చినప్పుడు, ‘దీని గుఱి ఎన్నడు సరిచూచితిరి? ఎవరు సరిచూచిరి? ఆనాటి గుఱిపలక యేదీ?’ యని డిఫెన్సు వకీలు గాని బాధితుని వకీలు గాని అడుగును. చీటిముక్క లేనిచో నిర్దోషియైన కానిస్టేబులు ఇరుకున పడును. దోషియైనవాడు అద్దముమీద నెపము నెట్టి తప్పించుకొనును. కావున ప్రతి రైఫిలుకు నొక పుస్తకముండి, అద్దపు నంబరు, బ్యాటరీ తేదీ, గుఱి సరిచూచిన తేదీ, పేల్చిన తూటాలు, ఆర్మరరు సంతకము అందు నమోదు కావలెను. దీనికయ్యెడి ఖర్చు ఒక నోటుపుస్తకము.

ఏ స్టేషనులో ఎన్ని రైఫిళ్లున్నవో, ఏ బీరువాలో నున్నవో అడుగుమని మేము చెప్పుట లేదు; అది రహస్యముగ నుండదగినదే. కాని గస్తీవారు సంవత్సరమున నెన్నిమాఱులు అభ్యాసమునకు పోయిరి, తలకు నెన్ని తూటాలు పేల్చిరి యన్నవి రహస్యములెట్లగును? 2005 సమాచారహక్కు చట్టము చేతనున్న పౌరులు ఈ రెండు ప్రశ్నలను వినయముగ, పదేపదే అడుగవలెను.

కొనుగోలుకు ముందు మేము కోరునది ఒక్కటే పరీక్ష. మూసిన గొట్టపు రకములు రెండుమూడు తీసికొని, గట్టి పట్టా గల రైఫిళ్లకు బిగించి, ఒకటి వికారాబాదునను ఒకటి తాండూరునను గస్తీబండిలో నుంచవలెను. మృగశిర కార్తె మొదలు మఱుసటి రోహిణి కార్తె వఱకు అవి బండితోనే తిరుగవలెను; అనంతగిరి ముసురులో తడియవలెను, నాపరాతి దుమ్ము త్రాగవలెను, మే నెల మధ్యాహ్నము జీపులో మాడవలెను. నెలకొకమాఱు మైదానమునకు గొనిపోయి, మొలయెత్తునుండి మట్టిమీద పడవేసి, తీసి, సరిచేయకయే 50 మీటర్లనుండి ఐదు తూటాలు పేల్చవలెను. కాగితపు గుఱిపలకలను పండ్రెండు నెలలవి తేదీలతో వరుసగ గోడకు గ్రుచ్చిన పిదప టెండరు కమిటీవారు వచ్చి ఆ గోడముందు కూర్చుండి ధరలు విప్పవచ్చును.